పరిగె

మా క్రైస్తవ సంఘం కోతపండుగ వేలంలో ఈసారి ఒక సొరకాయ మూడు వేలు పలికింది. బయటివాళ్ళకి విడ్డూరంగా ఉంటుందేమో గానీ, ఈ గుళ్ళల్లో పుట్టిపెరిగినవాళ్ళకి అది మామూలే. పెరట్లో కాసిన కాయ, గంప కింది కోడి, కళ్ళంలో కొలిచిన మొదటి బస్తా తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక పాట మొదలవుతుంది. పాడుకున్నవాడు డబ్బు కట్టి ఆ కాయని మళ్ళీ గుడికే ఇచ్చేస్తాడు. మళ్ళీ పాడతారు. అలా ఆ సొరకాయ నలుగురి చేతులు మారింది.

మొత్తం లక్ష దాటింది. గుడి ముందు ఆర్చి కట్టిద్దామని కమిటీ అంది. అప్పుడు మా మేనత్త లేచి నిలబడి, ఒంగోలు పెద్దాసుపత్రికి పల్లెల నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్ళకి ఆటో బాడుగ ఇద్దామంది. వాళ్ళలో మనవాళ్ళు ఎంతమందున్నారమ్మా అని ఒక పెద్దాయన అడిగాడు. ఒక్కరు, అంది అత్త. మిగతావాళ్ళు ఎవరో తాను అడగలేదంది. మాట వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

అత్త ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసింది. మా తమ్ముడు ఆ గుడికి పాస్టరు. పదిమందిలో వాణ్ణి ఆమె 'అయ్యగారూ' అంటుంది. ఇంటికొస్తే 'ఒరే' అంటుంది. మర్నాడు సాయంత్రం వాడు ఆమె వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను పక్కనే కందికాయలు ఒలుస్తున్నా. ఇద్దరూ పంతానికి పోయే మనుషులు, ఇద్దరిదీ ప్రాణం పెట్టి నమ్మిన మాట. అందుకే రాయాలనిపించింది.

తమ్ముడు: అత్తా, నువ్వు ఆ మాట అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆర్చి మీద నాకేం మోజు లేదు, వద్దంటే మానేద్దాం. కానీ సంఘం ఎందుకుందో ముందు తేల్చుకోవాలి. అన్నం పెట్టేవాళ్ళు, రోగులకి పళ్ళు పంచేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పాపం సంగతి, రక్షణ సంగతి చెప్పడానికి పాస్టరు ఒక్కడే ఉన్నాడు. వాడు కూడా ఆటో బాడుగల లెక్కలు రాసుకుంటూ కూర్చుంటే వాడి పని ఎవరు చేస్తారు?

అత్త: నీ పని మానెయ్యమని ఎవరన్నారు? నీ పనిలో ఇది లేదని ఎవరు చెప్పారో అది చెప్పు.

తమ్ముడు: అపొస్తలులే చెప్పారు. కార్యముల గ్రంథం ఆరో అధ్యాయం. భోజనాల పంపకంలో గొడవ వచ్చినప్పుడు, వాక్యం వదిలిపెట్టి వడ్డనకి దిగడం మాకు తగదన్నారు. ఇంతకంటే సూటిగా ఏం చెప్తారు?

అత్త: అందరూ అక్కడే ఆపేస్తారు. అసలు గొడవేంటి? గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజువారీ పంపకంలో సరిగ్గా పెట్టడం లేదని. ఆదిసంఘం లోపల పుట్టిన తగాదా చూడు, సిద్ధాంతం గురించి కాదు, కూటి గురించి. అదీ భాష వేరైన విధవరాళ్ళ కూటి గురించి. అపొస్తలులు పంపకం ఆపెయ్యమన్నారా? ఏడుగురిని ఏర్పాటు చేయించారు. లెక్కలొస్తే చాలనుకోలేదు, ఆత్మతో, జ్ఞానంతో నిండినవాళ్ళే కావాలన్నారు. తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు, నీకు చేసినట్టే. ఆ ఏడుగురి పేర్లు చూశావా? అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. అందులో మొదటి పేరు స్తెఫను. ప్రభువు కోసం ప్రాణమిచ్చిన మొదటివాడు వడ్డనకి నియమించినవాడేరా.

ఆ పేర్ల సంగతి నేనెన్నడూ గమనించలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ ఏడు పేర్లూ కంఠతా పట్టి బహుమతి కూడా తీసుకున్నాను.

తమ్ముడు: సరే, రొట్టెల సంగతికి రా. అయిదు వేలమందికి పెట్టిన మర్నాడు జనం ప్రభువుని వెతుక్కుంటూ పోతే, కడుపు నిండింది గనకే వచ్చారని మందలించలేదా? అన్నం కోసం వచ్చినవాడు అన్నం అయిపోగానే పోతాడు. యోహాను ఆరో అధ్యాయం పూర్తిగా చదువు. పోయారు.

అత్త: పోయారు. అయితే ముందురోజు గడ్డి మీద కూర్చోబెట్టి పెట్టినప్పుడు, వీళ్ళు రేపుంటారా పోతారా అని చూసుకుని పెట్టాడా? తిన్నవాళ్ళకి తిన్నంత పెట్టాడు. మర్నాడు మందలించాడే గానీ, నిన్న పెట్టి పొరపాటు చేశానని ఎక్కడా అనలేదు. ఉంటారన్న ఆశతో పెడితే అది ఎర అవుతుంది. ఆకలిగా ఉన్నారని పెట్టాడు ఆయన.

తమ్ముడు: ఎర అనే మాట నువ్వే తెచ్చావు. ఆ మాట నేను వీధిలో పడుతున్నా. పోయిన చలికాలం దుప్పట్లు పంచుతుంటే ఒక కుర్రాడు సెల్‌ఫోన్ పెట్టి వీడియో తీస్తూ మా మొహాల మీదికొచ్చాడు. ఎంతిచ్చి మారుస్తున్నారని అడిగాడు. అప్పటికే దుప్పటి అందుకున్న ముసలాయన దాన్ని అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయన ఎలా పడుకున్నాడోనని నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ప్రలోభం అనే మాట నూట యాభై ఏళ్ళుగా మన నెత్తి మీద ఉంది. ఏమిచ్చినా ఆ మాటే. ఏమీ ఇవ్వకుండా వాక్యం ఒక్కటే చెప్తే, నమ్మేవాడు నమ్ముతాడు, ఆ నిందకి చోటుండదు.

అత్త: నూట యాభై ఏళ్ళన్నావు గనక మన ఊరి సంగతే చెప్పుకుందాం. ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి అప్పటికి పదేళ్ళు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో మొదలైన సంఘం ఆయనది. జనం పిట్టల్లా రాలిపోతున్నారు. చందాలు తెప్పించి గంజి పోయించి ఊరుకోవచ్చు. ఆయన అంతటితో ఊరుకోలేదు. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు గనక, అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు పట్టాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేరే మేస్త్రీల కింద మాదిగవాడు పనికి పోతే తిట్లూ దెబ్బలూ మిగిలేవి. ఇక్కడ తట్ట మోసినవాడికి తట్ట మోసినంత కూలి.

తమ్ముడు: ఆ కథ నాకు తెలియనిదా? తర్వాతది నేను చెప్తా. పగలంతా మట్టి మోసిన జనం విశ్రాంతికి కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే వాళ్ళ మధ్య కూర్చుని సువార్త చెప్పారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. మన పుస్తకాల్లో అది అద్భుతం. బయట మనకి పడిన పేరు బియ్యం క్రైస్తవులు. ఆ పేరు తాతయ్య మోశాడు, నాన్న మోశాడు, ఇప్పుడు నా వంతు.

అత్త: మధ్యలో ఒకటి దాటేశావు. కరువు నడుస్తుండగా పదిహేను నెలలు ఆయన ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగారు, ఇవ్వలేదు. కాలువ పని అయిపోయి, సాయం డబ్బులు అయిపోయి, నా దగ్గర మీకివ్వడానికి ఇక ఏమీ లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు. అప్పుడు కూడా పోని జనానికి ఇచ్చాడు.

తమ్ముడు: అదే నేననేది. అన్నానికీ బాప్తిస్మానికీ ముడి పడుతుందని అంత పెద్దమనిషే భయపడ్డాడు. నన్ను మాత్రం భయపడొద్దంటావా?

అత్త: భయపడమనే అంటున్నా. భయపడి ఆయన ఏది ఆపాడో చూడు. బాప్తిస్మం ఆపాడు, కాలువ పని ఆపలేదు. నువ్వు కాలువ పని ఆపేస్తానంటున్నావు.

తమ్ముడు లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చాడు. ఈ మాట వాడికి తగిలిందని నాకు అర్థమైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, వాళ్ళ మాటల్లో రాలేదు గానీ. క్లౌ దొర 1910లో పోయాడు. ఆయన జీవితకథని భార్య ఎమ్మా రాసి పెట్టింది, 1914లో అచ్చయింది. తూర్పుదేశంలో సాంఘిక క్రైస్తవం అని అర్థం వచ్చే పేరు దానికి. ఆ ఎమ్మా పుట్టింటి పేరు రౌషెన్‌బుష్. న్యూయార్కు పేదవాడలో పాస్టరుగా మొదలుపెట్టి, కూలినీ ఇంటద్దెనీ పసిపిల్లల చావుల్నీ సువార్త దృష్టితో చూడాలని జీవితమంతా రాసిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. తమ్ముడు న్యూయార్కు మురికివాడలో, అక్క ఒంగోలు మాదిగపల్లెల్లో. ఈమె చెప్పులు కుట్టేవాళ్ళ కథలు సేకరించి 1899లో ఒక పుస్తకం కూడా వేసింది. వాళ్ళ ఉత్తరాల్లో ఏముండేదో గానీ, ఈ వసారాలో నడుస్తున్న మాటే అక్కడా నడిచి ఉంటుందని నాకనిపిస్తుంది.

తమ్ముడు: కరువు రోజులు వేరత్తా. ఇప్పుడు రేషన్ ఉంది, సర్కారు వైద్య పథకం ఉంది. డయాలసిస్‌కి పైసా కట్టక్కర్లేదు. పైగా నెలకి పదివేలు పింఛను ఇస్తున్నారు. ప్రభుత్వం చేస్తున్న పనిలో మనం వేలు పెట్టడం దేనికి?

అత్త: ఇస్తున్నారు, కాదనను. ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాల్సిందే. నేను ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చుని చూసింది చెప్తా విను. యాభై ఏళ్ళాయన. ఎడమచేతికి ఫిస్టులా పెట్టారు. దాని మీద వేళ్ళు ఆనిస్తే లోపల తూనీగ కొట్టుకున్నట్టు ఉంటుంది, అలా ఉంటేనే అది పనిచేస్తున్నట్టు. వారానికి మూడుసార్లు రమ్మంటే రెండుసార్లే వస్తున్నాడు. మూడోసారి మానేసిన వారం కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరగిలబడి వస్తాడు. ఎందుకు మానేశావయ్యా అంటే నవ్వుతాడు. భార్య చెప్పింది. మిషన్ మీద నాలుగు గంటలు ఉండి దిగేసరికి కళ్ళు తిరుగుతాయట. బస్సు దిగాక ఊరు నాలుగు కిలోమీటర్లు. నడవలేడు. ఒక్కడి కోసం ఆటో రావాలంటే మూడొందలు. తోడొచ్చిన రోజున ఆమెకి కూలి పోతుంది. పింఛనుకి కాగితాలు పెట్టారు, ఇంకా మంజూరు కాలేదు. మిషన్ ఉంది, మందుంది, డాక్టరుంది. ఆ నాలుగు కిలోమీటర్లే ఎవరి లెక్కలోనూ లేవురా.

తమ్ముడు: ఆయన కష్టం కాదనను. మనది సంఘం, ఆసుపత్రి కాదు అంటున్నా.

అత్త: గుంటూరు కూగ్లర్ డాక్టరమ్మతో కూడా మిషన్‌వాళ్ళు అదే అన్నారు. ఆమె వైద్యం చదివి, ఇండియాకి డాక్టరుగా పంపమని అడిగితే, వైద్యానికి మేమింకా సిద్ధంగా లేము, ఆడవాళ్ళ మధ్య బోధ చెయ్యడానికైతే పంపిస్తామన్నారు. సరేనని 1883లో వచ్చింది. వచ్చాక ఇళ్ళల్లో కానుపు కష్టమై చచ్చిపోతున్న ఆడవాళ్ళని చూస్తూ వాక్యం చదివి వచ్చెయ్యగలదా? మందులపెట్టె తీసింది. 1898కల్లా ఆసుపత్రి లేచింది. ఏలూరు రాజా భుజంగరావుగారు, హిందువు, రోగుల బంధువులు దిగడానికి అక్కడ సత్రం కట్టించాడు. ఆయన్ని ఎవరు ప్రలోభపెట్టారు చెప్పు?

తమ్ముడు: అందరూ అలాంటివాళ్ళే ఉండరు. ఇచ్చేకొద్దీ అలవాటు పడేవాళ్ళున్నారు. ప్రతి నెలా నా గుమ్మం ముందు నిలబడేవాళ్ళలో సగంమంది నాకంటే బలంగా ఉంటారు. పని చెయ్యకపోతే తినొద్దని పౌలు థెస్సలొనీకవాళ్ళకి రాయలేదా?

అత్త: మన తెలుగు బైబిల్లో ఆ చోట ఒక మాటుంది, 'ఒల్లని'. పని చెయ్యనొల్లనివాడి గురించి రాశాడు పౌలు. ఒల్లకపోవడం వేరు, ఒంట్లో లేకపోవడం వేరు, పని దొరక్కపోవడం వేరు. మూడింటినీ ఒకే కర్రతో కొట్టకు. పనీ, పేదవాడి తిండీ కలిసే ఉండే పద్ధతి ధర్మశాస్త్రంలోనే ఉంది. మా అమ్మ బతికింది ఆ పద్ధతిలోనే.

తమ్ముడు: నాయనమ్మా?

అత్త: మీ నాయనమ్మే. అప్పుడు మేము చీరాల అవతల ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు. కుప్పలు ఎత్తేశాక చేలోకి పరిగె ఏరడానికి పోయేవాళ్ళం. ఆసామి ఊఁ అనేదాకా గట్టు మీదే కూర్చోవాలి. ఊఁ అన్నాడా, ఇక పరుగు. కొయ్యకాళ్ళు అరికాళ్ళలో గుచ్చుకునేవి. అమ్మ నడుం ఎత్తకుండా ఏరేది, ఎత్తితే ఆ లోపల పక్కావిడ ముందుకు పోతుందని. వెన్ను వెన్నూ ఒడిలో వేసుకుని, సాయంత్రం గుడిసె ముందు కాళ్ళతో నలిపి, చేటతో చెరిగితే సోలెడో తవ్వెడో గింజలు. ఒక ఆసామి ఏరినదాంట్లో సగం కొలిపించుకునేవాడు. ఒకాయన మేము దిగకముందే గొడ్లని తోలేవాడు. ఆదివారం గుళ్ళో రూతు కథ చదివినప్పుడు అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేది. ఎందుకమ్మా అంటే, 'వాళ్ళ ఊళ్ళో అది చట్టమంట' అనేది.

తమ్ముడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. నాయనమ్మ పరిగె ఏరిందని మాకిద్దరికీ తెలుసు. ఏడ్చిందని తెలియదు.

అత్త: అమ్మకి చదువు రాదు గానీ అసలు సంగతి పట్టుకుంది. లేవీయకాండంలో, ద్వితీయోపదేశంలో దేవుడు రైతుని ఏమన్నాడు? పొలం అంచులు కొయ్యొద్దు. రాలిన వెన్ను ఏరుకోవద్దు. మరిచిపోయిన పన కోసం వెనక్కి పోవద్దు. ఒలీవ చెట్టు రెండోసారి దులపొద్దు. అవి పేదవాడివి, విధవరాలివి, పరదేశివి. జాలిపడి ఇవ్వమనలేదు. నీ చేలో కొంత అసలు నీది కాదన్నాడు. వాళ్ళు వచ్చి, నడుం వంచి, తమ చేత్తో ఏరుకుని, దణ్ణం పెట్టకుండా ఇంటికి పోతారు. రూతు కథలో ఆసామి బోయజు మంచివాడు గనక పనల్లోంచి కావాలని కొన్ని లాగి పడెయ్యమన్నాడు. అతను బోయజు కాకపోయినా రూతుకి పరిగె దక్కాల్సిందే.

తమ్ముడు: ఇప్పుడు నా మాట విను అత్తా. నువ్వు చెప్పిన పరిగెలో ఎవరూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. మనం చేసేది అలా ఉందా? రెండేళ్ళ కింద క్రిస్మస్‌కి నేనే విధవరాళ్ళని స్టేజీ మీదికి పిలిచాను. పేరు చదివాం, పదికిలోల బియ్యం సంచి ఇచ్చాం, దాత పక్కన నిలబెట్టి ఫొటో తీశాం. వాళ్ళలో ఒకావిడ సంచి తీసుకుని కిందికి దిగుతూ తలమీద ముసుగు కళ్ళ దాకా లాక్కుంది. ఆ తర్వాత గుడికి రాలేదు. నాలుగు నెలలకి నేనే వెళ్ళాను. 'అయ్యగారూ, మా అబ్బాయి స్నేహితులు ఫోన్లో ఆ బొమ్మ చూపించి నవ్వారంట' అంది. పది కిలోల బియ్యంతో నేను ఒక మనిషిని సంఘం నుంచి వెళ్ళగొట్టాను. అందుకే నాకు ఈ పనులంటే భయం. ఎవరో వీడియో తీస్తారని కాదు. మనమే తీస్తామని.

ఆ వసారాలో ఆ రోజు వాడన్న మాటలన్నిటిలో నా మనసుకి పట్టింది ఇదే. వీడు పేదల పట్ల రాతిగుండెవాడేమోనని కమిటీలో నేను కూడా అనుకున్నాను. నా ఆలోచన తప్పు.

అత్త: ఇది నాకెప్పుడూ చెప్పలేదేంరా.

తమ్ముడు: చెప్పుకునేదా? నువ్వు చేసిన ఆసుపత్రిలో మాత్రం? ఉచితంగా చూసేవాళ్ళకి వేరే రంగు కార్డు ఉండేది కదా.

అత్త: పసుపు కార్డు. ఉండేది. వాళ్ళ బెంచీ కూడా వేరు, మందులగది పక్కన. డబ్బు కట్టినవాళ్ళు అయిపోయాక వాళ్ళని పిలిచేవాళ్ళం. 'పసుపు కార్డులు రండి' అనేదాన్ని. మనిషికి పేరుంటుందని ఇరవై ఏళ్ళు నాకు తోచలేదు. ఒకరోజు ఒక ముసలమ్మ, 'నా పేరు పసుపు కార్డు కాదు సిస్టరమ్మా' అని తన పేరు చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది. ఆ రోజు నుంచి పేర్లు పెట్టి పిలిచాను గానీ, కార్డు రంగు మార్పించలేకపోయాను. యాకోబు పత్రికలో ఉంగరం పెట్టుకున్నవాణ్ణి పైన కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనడం గురించి ఉంది కదా. అది చదివినప్పుడల్లా నాకు ఆ బెంచీ కనిపిస్తుంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చీకటి పడింది. నేను లేచి లైటు వేశాను.

తమ్ముడు: ఇంకొకటుంది. అసలు మనమెవరం అత్తా, పేదలకి పెట్టడానికి? మనమే పేదలం. కాగితం మీద క్రైస్తవుడని రాసుకుంటే ఎస్సీ హోదా పోతుంది. 1950లో వచ్చిన ఉత్తర్వు. సిక్కులకి 1956లో ఇచ్చారు, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనకి ఈ రోజుకీ లేదు.  మన గుళ్ళో పొగాకు గ్రేడింగుకి పోయేవాళ్ళు, బేల్దారి పనికి పోయేవాళ్ళు ఎంతమంది? ఆ సొరకాయకి మూడు వేలు పాడినవాడు అప్పు చేసి పాడాడని నాకు తెలుసు. గలతీ పత్రికలో పౌలు కూడా ముందు విశ్వాసుల ఇంటివాళ్ళకనే అన్నాడు.

అత్త: ముఖ్యంగా వాళ్ళకి అన్నాడు, వాళ్ళకే అనలేదు. అందరికీ మేలు చెయ్యమన్న మాట దాని ముందే ఉంది. అదే పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగు చేసినప్పుడు కొరింథువాళ్ళకి ఎవర్ని చూపించాడు? మాసిదోనియ సంఘాలని. కటిక బీదవాళ్ళు. మీరు ఇవ్వక్కర్లేదంటారేమోనని, ఇవ్వనివ్వమని వాళ్ళే బతిమాలుకున్నారట. మన గుళ్ళో ఇప్పటికీ ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసే ఆడవాళ్ళున్నారు కదా, వాళ్ళు ఉన్నవాళ్ళా? నేను లక్ష మొత్తం ఇమ్మనడం లేదురా. మన పిల్లల ఫీజులు కట్టు, కూలిపోయిన గోడ ఉంటే కట్టు, పొలం మనవాళ్ళకే పెట్టు. అంచు వదులు. ఆ అంచు మాత్రం మనవాడా కాదా అని అడక్కుండా వదులు. పరదేశికి కూడా అని రాసి ఉంది గనక.

తమ్ముడు: ఎంత అంచు?

అత్త: డయాలసిస్‌కి వచ్చేవాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. ఒక ఆటో నెలకి మాట్లాడుకుంటే ఇద్దరు ముగ్గురు ఒకే దారిలో పోతారు. నేను లెక్క రాశా. పావు వంతు కంటే తక్కువే అవుతుంది, ఆరు నెలలకి.

తమ్ముడు: ఆటో మీద గుడి పేరు రాయించమంటారు కమిటీవాళ్ళు.

అత్త: రాయిస్తే నేనే చెరిపేస్తా.

తమ్ముడు: వద్దనే చెప్తాలే. పేర్లు గుళ్ళో చదవొద్దు, ఫొటో వద్దు, క్రిస్మస్‌కి వాళ్ళని పిలవొద్దు. డబ్బు ఆటో అతనికే నేరుగా ఇద్దాం. వాళ్ళకి ఎవరిస్తున్నారో కూడా తెలియక్కర్లేదు.

అత్త: అది మరీ ఎక్కువ. ఎవరో తెలియకుండా ఇచ్చి, మనిషి ముఖం చూడకుండా తప్పుకోవడం నీకు హాయిగానే ఉంటుంది. అడిగితే చెప్పు. ఫలానా గుడివాళ్ళం, మా పండుగ డబ్బులివి అని చెప్పు. దాచాల్సిన పని చెయ్యడం లేదు మనం.

తమ్ముడు: ప్రార్థన చెయ్యమని అడిగితే?

అత్త: చెయ్యి.

తమ్ముడు: అడక్కపోతే? నేను పాస్టర్ని అత్తా. నాలుగు గంటలు ఒక మనిషి పక్కన కూర్చుని, ఆయన చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి, ప్రభువు మాట ఎత్తకుండా రావడం నా వల్ల కాదు. అది కూడా ప్రేమ లేకపోవడమే. నీకు ఆయన ఊపిరి సంగతి ఎంతో, నాకు ఆయన ఆత్మ సంగతి అంత.

ఇక్కడ వాళ్ళిద్దరూ కలవలేదు. ఆమె అడక్కుండా ఎత్తొద్దంది. వాడు మాట ఇవ్వనన్నాడు. సుంకరి జక్కయ్య సంగతి వాడే తీశాడు, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు కదా అన్నాడు. ఎప్పుడన్నాడు, ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు కడతానని జక్కయ్య లేచి నిలబడి చెప్పాక కాదూ, అంది ఆమె. ఆ మాట చెప్పించింది ప్రభువు ఆ ఇంటికి రావడమే కదా, అన్నాడు వాడు. నాకు ఇద్దరి మాటా నిజమనిపించింది. ఏది ముందు, ఏది వెనక అనేది నేను తేల్చలేను. కందికాయలు అయిపోయాయి.

వాడు చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి ఆగాడు.

తమ్ముడు: ఆయన వచ్చేది ఎప్పుడు?

అత్త: మంగళవారం. ఏడింటికల్లా మిషన్ ఎక్కిస్తారు. చేతిలో ఏమీ తీసుకురాకు. పళ్ళు అసలే వద్దు, అరటిపండు కూడా పడదు ఆయనకి, పొటాషియం. నీళ్ళు కూడా కొలిచి తాగాలి.

తమ్ముడు: మరేం తీసుకురాను?

అత్త: ఆ గదిలో ఏసీకి వణుకుతుంటాడు. దుప్పటి ఒకటి తీసుకురా.